పేరు దాచడం తేలిక, పెత్తనం వదలడం కష్టం

ఏప్రిల్ వచ్చేసరికి బెజవాడ బీసెంట్ రోడ్డు నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా చలివేంద్రాలు వెలుస్తాయి. తాటాకు పందిరి, కింద ఇసుక పోసి వరసగా నిలబెట్టిన కుండలు, వెనకాల నిలువెత్తు ఫ్లెక్సీ. మే నెల నడి ఎండలో అదే పందిరి దగ్గర ఆగి చూడండి. చాలాచోట్ల ఫ్లెక్సీ ఉంటుంది, కుండ బోర్లించి ఉంటుంది. దాత చెడ్డవాడేం కాదు, ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. డబ్బు పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే.

లెక్క వేసి చూస్తే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. రద్దీ కూడలిలో రోజుకు 500 మంది ఆగుతారనుకుందాం. మనిషి గ్లాసున్నర తాగితే సుమారు 300 మిల్లీలీటర్లు, అంటే 150 లీటర్లు. ఒలికిందీ, గ్లాసులు కడిగిందీ కలిపితే 200 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు పది. క్యాన్ 20 రూపాయలనుకుంటే రోజుకు 200, రెండు నెలలకు 12,000. కుండలకు, ఇసుకకు, తడి గోనెపట్టాలకు, పొడుగు కాడ గరిటెలకు, పందిరికి మరో ఆరు వేలు వేసుకుందాం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అక్కడే కూర్చుని నీళ్ళు పోసే మనిషికి రోజుకు 500 ఇచ్చినా రెండు నెలలకు 30,000. మొత్తం 48,000లో సగానికి పైగా ఆ మనిషి కూలే. కుండలకు దాత ఇట్టే దొరుకుతాడు. కుండ దగ్గర కూర్చునే మనిషి కూలికి మాత్రం దాత దొరకడు. కుండ పక్కన నిలబడితే ఫోటో వస్తుంది, కూలి డబ్బులకు ఏ ఫోటో వస్తుంది? ఆ మనిషి లేకపోతే మధ్యాహ్నం ఒంటిగంటకు కుండ ఎండుతుంది, గ్లాసులు మాయమవుతాయి, పదో రోజుకల్లా పందిరి కింద ఎవరో స్కూటర్ పెట్టుకుంటారు.

దానంలో అహం అనగానే మనకు పేరుపిచ్చి గుర్తొస్తుంది. గుడిలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబ్‌లైటు మీద దాతల పేర్లు చూసి నవ్వుకోని తెలుగువాళ్ళు ఉండరు. సగం వెలుతురు పేరే మింగేసిందని పాత ఛలోక్తి. కానీ ఫ్యాను మీద పేరు వల్ల గాలేమీ తగ్గదు. అహం అసలు చెరుపు చేసేది అంతకుముందే, ఏం ఇవ్వాలో మన చేత ఎంచుకునేలా చేయడంలో. కంటికి కనిపించే వస్తువుకు డబ్బులొస్తాయి, కనిపించని పనికి రావు. బడికి బెంచీలొస్తాయి, కరెంటు బిల్లు నిలిచిపోతుంది. వృద్ధాశ్రమానికి దుప్పట్లు గుట్టలుపడతాయి, రాత్రి డ్యూటీ ఆయాకు జీతం ఉండదు.

ఈ విషయంలో మూడు పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి: పేరు, లెక్క, పెత్తనం. గుప్తదానం అంటే ఈ మూడూ ఒకేసారి వదిలేయడమని చాలామంది అనుకుంటారు. పేరు వదలొచ్చు, వదలకపోయినా కొంపేమీ మునగదు. లెక్క మాత్రం వదలకూడదు. వదిలి తీరాల్సింది పెత్తనం. మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం. పేరు వద్దని పదిమందిలో చెబుతాం, లెక్క అడగం, పెత్తనం మాత్రం గట్టిగా పట్టుకుంటాం.

ముందు పేరు సంగతి. కృష్ణ ఒడ్డున మన అమరావతి స్తూపం రెండువేల ఏళ్ళ కిందట కట్టింది ఒక్క రాజు డబ్బుతో కాదు. భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు, వర్తకులు ఒక్కో పలకకు, ఒక్కో స్తంభానికి ఇచ్చి, దాని మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో పేర్లు చెక్కించుకున్నారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినట్టు ఒక శాసనం ఉంది. ఆ పేరే లేకపోతే, స్తూపం కట్టడంలో తోలుపని చేసుకునేవాడికి కూడా చోటుండేదని ఇవాళ మనకు తెలిసేదే కాదు. కాబట్టి పేరు రాయించుకోవడం దానంతటదే అహంకారం అనలేం. పేరు ఎంత పెద్దది, ఎవరి పేరు పక్కన ఉంది, ఎంత మొత్తం అని వేశారు అన్నవి వచ్చినప్పుడే పోటీ మొదలవుతుంది. బడికో, లైబ్రరీకో చందాలు వేసేవాళ్ళు ఒక చిన్న పని చేస్తే ఆ పోటీ చాలావరకు పోతుంది: పేర్లు అకారాది క్రమంలో, ఒకే అక్షర పరిమాణంలో, మొత్తాలు లేకుండా రాయడం. 500 ఇచ్చినవాళ్ళూ ఐదు లక్షలు ఇచ్చినవాళ్ళూ ఒకే వరసలో ఉంటారు. ఎదురింటాయన ఇచ్చాడు కదా, మనమూ ఇద్దాం అనే ఊపు మిగులుతుంది, ఎంత ఇచ్చాడన్న కొలత మాయమవుతుంది. దీనికి పెద్ద దాతలు కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్ళెవరో ముందే తేలిపోవడం కూడా కమిటీకి లాభమే.

శాస్త్రం ఈ విషయాన్ని మనం అనుకునేదానికంటే నిశితంగా పట్టించుకుంది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ‘శ్రద్ధయా దేయం’ అన్న మాట అందరికీ తెలుసు. కాస్త కిందే ‘హ్రియా దేయం’ అని ఉంది, సిగ్గుతో ఇవ్వాలని. తీసుకునేవాడు పడాల్సిన సిగ్గు కాదది, ఇచ్చేవాడు పడాల్సింది. గీత పదిహేడో అధ్యాయంలో తిరిగి మేలు చేయలేనివాడికి, ఇవ్వడం నా పని అనుకుని ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించి గానీ, ఫలం కోరి గానీ, నొచ్చుకుంటూ గానీ ఇచ్చేది రాజసం. ఫలం అన్న మాటలో పుణ్యం కూడా ఉంది కదా! ఇక అగౌరవంగా, చులకనచేసి ఇచ్చేదాన్ని తామసంలో వేశారు. పొట్లం ఇచ్చామా లేదా అన్నదొక్కటే కాదు, దాన్ని విసిరామా చేతిలో పెట్టామా అన్నది కూడా అక్కడ లెక్కకొస్తుంది.

ఇంట్లో దానం ఇప్పించేటప్పుడు పురోహితుడు చెప్పించే చివరి మాట గుర్తుందా? ‘తుభ్యమహం సంప్రదదే, న మమ’. నీకు ఇస్తున్నాను, ఇది నాది కాదు. అంటూ చేతి మీదుగా నీళ్ళు వదులుతాం. ధారపోయడం, ధారాదత్తం అన్న మాటలు ఆ నీటిధారలోంచి వచ్చినవే. ‘నా పేరు చెప్పకు’ అని ఆ మంత్రంలో ఎక్కడా లేదు, ఉన్నది ‘నాది కాదు’ అన్న మాట. అందరి సమక్షంలో, గోత్రం, పేరు చెప్పుకునే ఇస్తాం. కానీ నీళ్ళు జారిన క్షణం నుంచి ఆ వస్తువు మీద నోరెత్తే హక్కు పోతుంది. గుంటూరులో గుడి, చర్చి, మసీదు ఒకే వీధిలో ఉండే పేటలున్నాయి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త చెబుతుంది. బాహాటంగా ఇచ్చినా మంచిదే, గుట్టుగా పేదలకిస్తే ఇంకా మంచిదని ఖురాన్ రెండో సూరా అంటుంది. ఇచ్చాక దెప్పిపొడిచి దానాన్ని వృథా చేసుకోవద్దని కూడా అదే సూరాలో ఉంది. మూడింట్లోనూ బరువంతా ఇచ్చిన తర్వాతి కాలం మీదే ఉంది.

లెక్క విషయంలో గుప్తదానమనే మాట పెద్ద గందరగోళం తెచ్చింది. ఊరికి కనపడకుండా ఇవ్వడం వేరు, రికార్డుకు దొరక్కుండా ఇవ్వడం వేరు. హుండీలో వేసింది ఎవరిదో ఎవరికీ తెలియదు, పూర్తిగా మతపరమైన సంస్థకు అది చెల్లుతుంది. కానీ ఒక సేవా ట్రస్టుకు దాత పేరూ చిరునామా లేకుండా డబ్బొస్తే, ఏడాదిలో వచ్చిన మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన సొమ్ము మీద 30 శాతం పన్ను పడుతుంది. మీరు గుట్టుగా ఇచ్చిన లక్షలో కొంత అనాథ పిల్లలకు కాకుండా ఖజానాకు పోవచ్చన్నమాట. అందుకని ట్రస్టుకు ఇచ్చేవాళ్ళు చెక్కుతోనో బ్యాంకు బదిలీతోనో ఇచ్చి, పాన్ నంబరు రాసి, రసీదు తీసుకోవాలి. ఆ రసీదు పుస్తకంలోనే ఒక వాక్యం రాయిస్తే సరిపోతుంది: ‘దాత పేరు బోర్డు మీద, పత్రికలో, వాట్సాప్‌లో వేయరాదు’. 80జీ అని అందరూ పిలిచే ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే 2,000 దాటిన నగదు పనికిరాదు, ట్రస్టు ఇచ్చే విరాళం సర్టిఫికెట్ ఉండాలి, పాత పన్ను విధానంలో ఉండాలి. మినహాయింపు తీసుకుంటే నిష్కామం చెడుతుందా అని కొందరు మొహమాటపడతారు. ఆ మిగిలిన డబ్బు కూడా మళ్ళీ ఇచ్చేస్తే పోయింది.

యూపీఐతో నేరుగా పంపితే గుట్టు ఉండదు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు అవతలి ఫోనులో కనపడుతుంది. తీసుకునే మనిషికి మీరెవరో తెలియకూడదనుకుంటే మధ్యలో ఇంకొకరు తప్పదు. ఇందుకు మన పేటల్లో ఎప్పటినుంచో ఉన్న మనిషి కిరాణా షాపాయన. అరువు ఖాతాలో ఎవరి బాకీ పేరుకుపోయిందో, ఎవరు నాలుగు రోజులుగా షాపుకు రావడం లేదో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రెండు మూడు ఇళ్ళ ఖాతాల్లో తలా వెయ్యి జమ వేసి, ‘మీకు జమ ఉంది’ అని మాత్రం చెప్పమనాలి. ఎవరు వేశారంటే తెలియదనాలి. నెలాఖరుకు ఖాతా పేజీ చూడొచ్చు, వెయ్యీ ఖర్చయిందా లేదా అన్నదాకానే. పిల్లాడికి చిప్స్ ప్యాకెట్ కొన్నారేంటి అని అడిగామంటే న మమ అన్న మాట వెనక్కి తీసుకున్నట్టే.

వస్తువులుగానే ఇవ్వాలనుకుంటే మాత్రం ఇంట్లో ఏముందో ముందు తెలుసుకోవాలి. మన దగ్గర దానం అంటే బియ్యం బస్తా. బియ్యం కార్డున్న ఇంటికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తూనే ఉంటాయి. నలుగురున్న ఇంటికి మీరిచ్చే 25 కిలోలు అదనమై, సగం ధరకు వీధి చివర వ్యాపారికి పోతాయి. బాగా ఇరుకున పెట్టేవి నూనె, కందిపప్పు, చింతపండు, సబ్బులు, గ్యాసు బండ. రెండు లీటర్ల నూనె, రెండు కిలోల కందిపప్పు, అరకిలో చింతపండు, నాలుగు సబ్బులు చిన్న సంచిలో పట్టేస్తాయి. ఫోటోలో బస్తా అంత నిండుగా కనపడవు, ఇబ్బందల్లా అదొక్కటే.

ఆసుపత్రిలో పంచేటప్పుడు ఇంకా జాగ్రత్త. గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ వచ్చిన రోగులకు వార్డులో భోజనం ఇస్తారు. వెంట వచ్చినవాళ్ళకు ఇవ్వరు. వరండాలో దుప్పటి పరుచుకున్న ఆ మనుషులకు అక్కర రాత్రి భోజనం. వచ్చేవేమో పుట్టినరోజు నాడు పొద్దున పదింటికి రోగుల మంచాల దగ్గర బ్రెడ్డు, అరటిపండ్లు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు అరటిపండులోని పొటాషియం ప్రాణం మీదికి తేవచ్చు, షుగరున్నవాళ్ళకు తీపి బ్రెడ్డు సరేసరి. వార్డు సిస్టర్‌ను అడక్కుండా మంచం మీదున్నవాళ్ళ చేతిలో తినే వస్తువు పెట్టకూడదు. అక్కరకొచ్చేది ఏ పండగా లేని మంగళవారం రాత్రి ఎనిమిదింటికి యాభై మందికి సరిపడా వేడి సాంబారన్నం, వార్డులోకి పోకుండా బయట వరండాలో. ఇదే తేడా. వండిన అన్నం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. సాయంత్రం నాలుగింటికే వండి మూతపెట్టి తెస్తే, వాసన రాకపోయినా కడుపులు చెడతాయి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఈ తప్పులన్నీ ఒకే వారంలో కనపడ్డాయి. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు పోయాయి. రాష్ట్రమంతటి నుంచీ పులిహోర పొట్లాలు, నీళ్ళ బాటిళ్ళు కదిలాయి. మన జనం చెయ్యి పెద్దదే, అందులో అనుమానం లేదు. కానీ లారీ పోగలిగినంత దూరం పోయి, ఫ్లైఓవర్ దగ్గర అందినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ అందింది. లోపలి వీధుల్లో మేడల మీదున్నవాళ్ళకు పడవలూ డ్రోనులే దిక్కయ్యాయి. అలాంటప్పుడు ఇంకో వెయ్యి పొట్లాల కంటే ఒక పడవ అద్దె, దానికి డీజిలు, లోపలి వీధులు తెలిసిన ఒక కుర్రాడు ఎక్కువ పనికొస్తారు. నీళ్ళు తీశాక కెమెరాలు పోతాయి, బురద ఉంటుంది. అప్పుడు కావాల్సింది బ్లీచింగ్ పౌడరు, పారలు, గట్టి చీపుర్లు, మోటారు పంపులు, ఎలక్ట్రీషియన్ కూలి, తడిసిన సర్టిఫికెట్లకు నకళ్ళు తీయించే ఖర్చు. రెండో వారం కోసం డబ్బు పక్కన పెట్టుకున్నవాళ్ళు తక్కువమంది. శానిటరీ న్యాప్‌కిన్లు, పసిపిల్లల పాలపొడి మొదటి రోజునుంచే కావాలి. స్టేజీ మీద పంచడానికి మొహమాటం కాబట్టి కిట్లలో అవి ఎప్పుడూ ఆఖర్నే చేరతాయి.

చదువుకు ఇచ్చే డబ్బులో పెత్తనం చాలా మర్యాదగా వస్తుంది. ఫీజు కట్టిన పెద్దాయన మార్కులు అడుగుతారు, సన్మానసభలో పిల్లను స్టేజీ ఎక్కించి రెండు మాటలు చెప్పమంటారు, ఏ గ్రూపు తీసుకోవాలో సలహా ఇస్తారు. ఆ పిల్ల పదిహేడేళ్ళకే ఒక అపరిచితుడికి జీవితాంతం కృతజ్ఞత చూపించాల్సిన మనిషి అయిపోతుంది. ఇవ్వాలంటే కాలేజీ ఖాతాకే కట్టాలి, ఒక లెక్చరర్‌ను మధ్యలో పెట్టాలి, ఒక్క ఏడాది కాకుండా కోర్సు మొత్తానికి ముందే మాట ఇవ్వాలి. మధ్యలో ఒక సబ్జెక్టు తప్పితే డబ్బు ఆగదని కూడా ముందే చెప్పాలి. డబ్బు కాలేజీకి చేరిందా అని అడగడం లెక్క. సెలవుల్లో ఎవరితో తిరుగుతోందని అడగడం పెత్తనం. మధ్యలో ఒక పెద్ద బూడిదరంగు చోటుంది, నిజమే. చదువు మానేసిందేమో అన్న ఆరా ఏ వైపుకు వస్తుందో ఆ లెక్చరర్‌కే వదిలేయడం మేలు.

పిల్లల హోముల్లో కేకు కోసి ఫోటోలు పెట్టేవాళ్ళు ఒక చట్టం తెలుసుకోవాలి. 2015 బాలల న్యాయచట్టం 74వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఫోటోగానీ పేరుగానీ మీడియాలో వేయకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పేరుకోసం ఫోటో పెట్టుకునేది దాత, బయటపడేది పిల్లల మొహాలు.

అహానికి చోటే లేకుండా కట్టిన దానం ఒకటుంది, రక్తదానం. సంచి మీద గ్రూపు, నంబరు, తేదీ ఉంటాయి, ఇచ్చినవారి పేరు ఉండదు. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్ళు 350 మిల్లీలీటర్లు ఇవ్వొచ్చు. మగవాళ్ళు 90 రోజులకు, ఆడవాళ్ళు 120 రోజులకు ఒకసారి. అయినా మనం దీన్ని కూడా నాయకుడి పుట్టినరోజుకు కట్టేశాం. ఒకే రోజు మూడొందల యూనిట్లు వస్తే, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. కాలేజీలు మూసిన మే నెలలో తలసీమియా పిల్లవాడికి రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిన రక్తం దొరకదు. సర్టిఫికెట్, టోపీ, ఫోటో ఏవీ లేని ఒక మామూలు బుధవారం రక్తనిధికి వెళ్ళి, మళ్ళీ మూడు నాలుగు నెలలకు రావాల్సిన తేదీ ఫోనులో పెట్టుకుని బయటికొస్తే చాలు. ఫలానావాళ్ళకే ఇస్తానని పట్టుబట్టకుండా ఇస్తే మరీ మంచిది.

నేత్రదానంలో దాత ఉండనే ఉండడు కాబట్టి పనంతా ఇంట్లోవాళ్ళది. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీయాలి. కంటి బ్యాంకుకు ఫోను చేసి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, ఫ్యాను ఆపేసి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి. డాక్టరు ఇచ్చిన మరణ ధ్రువపత్రం చేతికి అందేలా ఉండాలి. వచ్చినవాళ్ళ పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, మొహం ఏమీ మారదు. కళ్ళజోడు వాడినవాళ్ళవి, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళవి, షుగరున్నవాళ్ళవి కూడా పనికొస్తాయి. బతికుండగా సంతకం పెట్టకపోయినా ఇంట్లోవాళ్ళ సమ్మతి చాలు. పదోరోజు లోపలే ఎవరో ఒకరు ఫోను చేసి అడుగుతారు, నాన్నగారి కళ్ళు ఎవరికి పెట్టారండీ, ఒక్కసారి చూసి వస్తామని. కంటి బ్యాంకువాళ్ళు చెప్పరు.